అధిక ధర పిస్టల్: చెల్లించేది నాణ్యతకా, పేరుకా, కొరతకా?

ఒకే రకం తూటాను ఇంచుమించు ఒకే వేగంతో పంపే రెండు పిస్టళ్ల ధరల మధ్య పది రెట్ల వ్యత్యాసం ఉండవచ్చు. అమెరికా విపణిలో పేరున్న సంస్థల సాధారణ సెమీ ఆటోమేటిక్ పిస్టల్ సుమారు 500 డాలర్లకు లభిస్తుంది. నిపుణులైన పనివారు చేతితో అరగదీసి అమర్చిన పిస్టల్ ధర 3,000 నుంచి 5,000 డాలర్ల వరకు ఉంటుంది. భారతదేశంలో దశాబ్దాల కిందట దిగుమతి అయిన పాత విదేశీ పిస్టళ్లు నేటికీ లక్షల రూపాయలకు చేతులు మారుతున్నాయి.

ఈ అదనపు సొమ్ముకు తగిన ప్రయోజనం లభిస్తుందా అన్నది లైసెన్సుదారులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. లక్షల సంఖ్యలో పిస్టళ్లు కొనే సైన్యాలు, పోలీసు విభాగాలు ప్రజాధనాన్ని ఖర్చు చేస్తాయి. ఆయుధం మొరాయిస్తే ప్రాణాలు పోతాయి. చేయి జారి కిందపడినప్పుడు పేలినా ప్రాణాలు పోతాయి. వివిధ దేశాలు జరిపిన పరీక్షలను, కొనుగోళ్లను పరిశీలిస్తే మూడు విషయాలు స్పష్టమవుతాయి. నమ్మకంగా పనిచేయడం, భద్రత అనే రెండు ప్రధాన గుణాలు మధ్యస్థ ధరలోనే లభిస్తాయి. ఆపై వెచ్చించే సొమ్ము ప్రధానంగా పోటీ క్రీడలోనే ఫలితాన్నిస్తుంది. మన దేశంలో పాత విదేశీ పిస్టల్‌కు చెల్లించే అధిక ధరలో పెద్ద భాగం నాణ్యతకు కాక కొరతకు పోతుంది.

సెమీ ఆటోమేటిక్ పిస్టల్ పనిచేసే తీరు

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా మాత్రమే పేలుతుంది. పేలుడు వల్ల కలిగే వెనుదెబ్బకు పైభాగంలోని స్లైడ్ వెనక్కి జరిగి, ఖాళీ తొడుగును బయటకు విసురుతుంది. తిరిగి స్ప్రింగు బలంతో ముందుకు వస్తూ, పిడిలోని మ్యాగజైన్ నుంచి మరో తూటాను గొట్టంలోకి నెడుతుంది. రివాల్వర్‌లో తూటాలు గుండ్రంగా తిరిగే అరలలో ఉంటాయి. పిస్టల్‌లో అవి మ్యాగజైన్‌లో ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. వేగం, తూటాల సంఖ్య పిస్టల్‌కు అనుకూలాంశాలు. కదిలే భాగాలు ఎక్కువగా ఉండటం, తూటా నాణ్యతపైనా స్ప్రింగు బలంపైనా ఆధారపడటం దాని బలహీనతలు.

అందువల్ల పిస్టల్‌ను మొదటగా పరీక్షించేది గురి విషయంలో కాదు, ఆగకుండా పనిచేసే శక్తి విషయంలో. 1911 మార్చిలో అమెరికా సైన్యం జరిపిన పరీక్షల్లో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ పిస్టల్‌తో 6,000 తూటాలు కాల్చారు. వేడెక్కినప్పుడు నీటిలో ముంచి చల్లార్చి మళ్లీ కాల్చారు. ఒక్కసారి కూడా అది మొరాయించలేదు. ఆ నెల 29న సైన్యం దానిని ‘ఎం 1911’ పేరుతో స్వీకరించింది. నేడు వేల డాలర్లు పలికే చేతి అమరిక పిస్టళ్లలో అధిక భాగం ఈ నమూనాకు వారసులే.

ధరను పెంచే అంశాలు

పిస్టల్ ధరను ప్రధానంగా నాలుగు అంశాలు నిర్ణయిస్తాయి. మొదటిది లోహం, దానిని మలచే పద్ధతి. ఉక్కు దిమ్మెను యంత్రాలపై కోసి స్లైడ్, ఫ్రేము తయారుచేయడానికి కాలం, వ్యయం ఎక్కువ. పోత పోయడం, రేకును అచ్చులో నొక్కడం, లోహపు పొడిని అచ్చువేసి కాల్చడం చౌకైన పద్ధతులు. పాలిమర్ ఫ్రేము ఇంకా చౌక. రెండవది భాగాల మధ్య ఖాళీ. గొట్టం, స్లైడ్, ఫ్రేము ఒకదానిలో ఒకటి ఏమాత్రం కదలకుండా బిగుతుగా కూర్చోవాలంటే పనివాడు ఒక్కో భాగాన్ని విడిగా అరగదీయవలసి ఉంటుంది. ఆ శ్రమకు గంటల లెక్కన వేతనం చెల్లించాలి. మూడవది ట్రిగ్గర్. తక్కువ బలంతో, తడబాటు లేకుండా, ప్రతిసారీ ఒకే చోట విడివడే ట్రిగ్గర్ కోసం లోపలి భాగాల అంచులను సునిశితంగా నునుపు చేస్తారు. నాలుగవది పైమెరుగు, పిడి చెక్క, చెక్కడపు పని, తయారీదారు పేరు. ఈ నాలుగవ అంశం ఆయుధం పనితీరును ఏమాత్రం మార్చదు.

రెండవ అంశంలో ఒక వైరుధ్యం దాగి ఉంది. భాగాలు బిగుతుగా ఉన్నకొద్దీ గురి మెరుగవుతుంది. కానీ దుమ్ము, మసి, ఇసుక చేరినప్పుడు ఆ బిగుతే స్లైడ్ కదలికకు అడ్డుపడుతుంది. సైనిక పిస్టళ్లలో రూపకర్తలు కొంత వదులును కావాలనే ఉంచుతారు. అంటే అత్యంత ఖరీదైన పిస్టల్ అన్ని పరిస్థితులలోనూ అత్యంత నమ్మకమైనది కానక్కరలేదు. కొన్నిసార్లు అది ఎక్కువ శుభ్రతను, ఎక్కువ సంరక్షణను కోరుతుంది.

గురి లెక్క: ఆయుధానిదెంత, చేతిదెంత?

అధిక ధరకు సమర్థనగా తరచూ వినిపించేది గురి. దీనిని సులభమైన లెక్కతో అంచనా వేయవచ్చు. సాధారణ సైనిక పిస్టల్‌ను కదలకుండా బిగించి 25 మీటర్ల నుంచి కాల్చితే గుళ్లు సుమారు 7 నుంచి 10 సెంటీమీటర్ల పరిధిలో పడతాయి. చేతితో అమర్చిన మేలురకం పిస్టల్‌లో ఆ పరిధి 4 లేదా 5 సెంటీమీటర్లకు తగ్గుతుంది. ధరలో పది రెట్ల తేడాకు ప్రతిగా లభించేది ఈ కొద్ది సెంటీమీటర్ల మెరుగుదల.

ఇప్పుడు చేతి పొరపాటును లెక్కించాలి. పిస్టల్ ముందు, వెనుక గురి గుర్తుల మధ్య దూరం సుమారు 16 సెంటీమీటర్లు. వాటి అమరికలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే, 25 మీటర్ల దూరంలో గుండు దాదాపు 15.6 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 7 మీటర్ల దూరంలోనైతే ఆ తేడా సుమారు 4.4 సెంటీమీటర్లు. శిక్షణ లేని చేతిలో, ఆందోళనలో, ట్రిగ్గర్‌ను కుదుపుతో లాగినప్పుడు ఈ తేడా ఒక మిల్లీమీటరుతో ఆగదు. ఆత్మరక్షణకు సంబంధించిన సందర్భాలు కొద్ది మీటర్ల దూరంలోనే ఎదురవుతాయి. అక్కడ ఖరీదైన గొట్టం తెచ్చే లాభం చేతి వణుకులో కలిసిపోతుంది. ఆ సొమ్మును తూటాలకు, శిక్షణకు వెచ్చించినవారికే ఎక్కువ ఫలితం దక్కుతుంది.

సైన్యాలు ఇచ్చిన తీర్పు

ఈ ప్రశ్నకు అత్యంత విలువైన సమాధానాలు సైన్యాల కొనుగోళ్లలో లభిస్తాయి. మొదటి ఉదాహరణ స్విట్జర్లాండ్. ఆ దేశ సైన్యం 1949లో స్వీకరించిన 9 ఎంఎం పిస్టల్ తర్వాతి కాలంలో ‘పీ 210’గా ప్రసిద్ధి చెందింది. ఫ్రేము, స్లైడ్ ఉక్కు దిమ్మెల నుంచి మలచి ఒకదానికొకటి జతచేసేవారు. సాధారణంగా స్లైడ్ ఫ్రేముకు వెలుపల జరుగుతుంది. ఇందులో ఫ్రేము అంచుల లోపల జరిగేది. ఫలితంగా గడియారపు పనితనంతో పోల్చదగిన ఖచ్చితత్వం లభించింది. సైనిక పిస్టళ్లలో గురికి అది కొలమానంగా నిలిచింది.

అయితే తయారీ వ్యయమే దానికి ప్రతిబంధకమైంది. 1975లో స్విస్ సైన్యం దాని స్థానంలో ‘పీ 220’ను తెచ్చింది. ఉక్కు రేకును అచ్చులో నొక్కి చేసిన స్లైడ్, తేలికైన మిశ్రమ లోహపు ఫ్రేముతో అది చాలా తక్కువ ఖర్చుకు తయారయ్యేది. పాతదానికంటే గురిలో కొంత వెనుకబడినా, సైనికుని అవసరానికి అది సరిపోతుందని నిర్ణయించారు. ప్రపంచంలో మేటి అనిపించుకున్న పిస్టల్‌ను తయారుచేసిన దేశమే, దాని అదనపు ధర సైన్యానికి దండుగని తేల్చింది.

రెండవ ఉదాహరణ అమెరికాలో 1984లో జరిగిన ‘ఎక్స్ఎం 9’ పోటీ. ఎం 1911 స్థానంలో 9 ఎంఎం పిస్టల్‌ను ఎంపిక చేయడానికి నిర్వహించిన ఆ పరీక్షల్లో ఇటలీకి చెందిన బెరెట్టా 92, స్విస్–జర్మన్ సంస్థల పీ 226 మాత్రమే చివరివరకు నిలిచాయి. ఒక్కో పిస్టల్ ధర చూస్తే పీ 226 కొద్దిగా తక్కువ. మ్యాగజైన్లు, విడిభాగాలు కలిపిన మొత్తం లెక్కలో బెరెట్టా చౌక. 1985 జనవరిలో మూడు లక్షలకు పైగా పిస్టళ్ల ఒప్పందం బెరెట్టాకు దక్కింది. పిస్టల్ ధర అంటే దుకాణంలోని అంకె మాత్రమే కాదని, దాని జీవితకాలపు ఖర్చు అని ఆ నిర్ణయం గుర్తుచేసింది.

అనంతరం నౌకాదళ ప్రత్యేక దళాలు అసాధారణ సంఖ్యలో తూటాలు కాల్చినప్పుడు కొన్ని బెరెట్టా స్లైడ్లు విరిగి, కాల్చినవారు గాయపడ్డారు. స్లైడ్ విరిగినా వెనక్కి ఎగిరి రాకుండా తర్వాతి నమూనాలో మార్పు చేశారు. నౌకాదళ ‘సీల్’ కమాండోలు మాత్రం పీ 226 వైపు మొగ్గారు. నిత్యం వేల తూటాలు కాల్చేవారి అవసరాలు, ఏడాదికి కొద్ది తూటాలు కాల్చే సాధారణ సైనికుని అవసరాలు ఒకటి కావు. అదనపు ధర విలువ వాడకాన్ని బట్టి మారుతుంది.

మూడవ ఉదాహరణ ఇటీవలిది. బెరెట్టా స్థానంలో కొత్త పిస్టల్ కోసం అమెరికా సైన్యం చేపట్టిన ‘ఎక్స్ఎం 17’ ఎంపిక ప్రక్రియ సుదీర్ఘంగా సాగింది. రెండేళ్ల పరీక్షలకు 1.7 కోట్ల డాలర్ల ఖర్చు అవుతుందన్న అంచనాపై నాటి సైన్యాధిపతి జనరల్ మార్క్ మిల్లీ 2016లో బహిరంగంగానే అసంతృప్తి వ్యక్తం చేశారు. ఆ సొమ్ముతో దుకాణానికి వెళ్లి సైనికులందరికీ పిస్టళ్లు కొనవచ్చన్నది ఆయన వ్యాఖ్యల సారాంశం. 2017 జనవరి 19న గరిష్ఠంగా 58 కోట్ల డాలర్ల ఒప్పందం సిగ్ సౌర్ సంస్థ ‘పీ 320’కి దక్కింది. పోటీలో నిలిచిన గ్లాక్ సంస్థ అభ్యంతరం తెలిపింది. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం అదే ఏడాది జూన్‌లో ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. ఆ తీర్పు ప్రకారం రెండు ప్రతిపాదనల మధ్య సాంకేతిక వ్యత్యాసం స్వల్పం. ధరలో వ్యత్యాసం మాత్రం భారీగా ఉంది. గ్లాక్ ప్రతిపాదన విలువ సుమారు 27.22 కోట్ల డాలర్లు కాగా, సిగ్ సౌర్ ప్రతిపాదన 16.95 కోట్ల డాలర్లు.

ఆ ఎంపికతో చర్చ ముగియలేదు. కొన్ని కోణాలలో కిందపడినప్పుడు ఆ నమూనా పిస్టల్ పేలే అవకాశం ఉన్నట్లు పరీక్షల్లో బయటపడింది. ట్రిగ్గర్ భాగాలను తేలికపరచి సైనిక పిస్టళ్లలో ఆ లోపాన్ని సరిచేశారు. 2017 ఆగస్టులో పౌరుల వద్ద ఉన్న పిస్టళ్లకూ స్వచ్ఛందంగా మార్పు చేయించుకునే అవకాశాన్ని సంస్థ ప్రకటించింది. పేరున్న సంస్థ అన్న గుర్తింపు గానీ, సైన్యం ఎంపిక చేసిందన్న ముద్ర గానీ భద్రతకు సంపూర్ణ హామీ కావు. ఆ హామీ ఇవ్వగలిగేది కఠినమైన పరీక్ష ఒక్కటే.

చౌకకూ ఒక హద్దు

మధ్యస్థ ధర చాలునంటే అతి చౌక మంచిదని అర్థం కాదు. ఆస్ట్రియా సైన్యం 1980ల ఆరంభంలో స్వీకరించిన గ్లాక్ 17, తక్కువ భాగాలు, పాలిమర్ ఫ్రేముతో నమ్మకమైన పిస్టల్‌ను తక్కువ ఖర్చుతో చేయవచ్చని నిరూపించింది. గాస్టన్ గ్లాక్‌కు అంతకుముందు తుపాకుల తయారీలో అనుభవమే లేదు. పాత పద్ధతులకు కట్టుబడకపోవడం అక్కడ లాభించింది. ఆ పొదుపు రూపకల్పన నుంచి వచ్చింది. పరీక్షలో రాజీ నుంచి రాలేదు.

ఇందుకు భిన్నంగా, అమెరికాలో జింక్ మిశ్రమ లోహంతో పోతపోసిన అతి చౌక పిస్టళ్లు దశాబ్దాల పాటు వివాదాస్పదమయ్యాయి. కాలిఫోర్నియా రాష్ట్రం 1999లో చేసిన చట్టం ద్వారా అమ్మకానికి ముందు పరీక్షలను తప్పనిసరి చేసింది. నమూనా పిస్టల్ 600 తూటాలు కాల్చే పరీక్షలో ఆరుసార్లకు మించి మొరాయించకూడదు. మీటరు ఎత్తు నుంచి వివిధ కోణాలలో పడవేసినప్పుడు పేలకూడదు. ఆ అర్హత దాటిన పిస్టల్ ఖరీదైనదా, సాధారణమైనదా అన్నది ఆ చట్టానికి అనవసరం. మన దేశంలో అక్రమంగా తయారయ్యే నాటు తుపాకులు ఈ హద్దుకు ఎంతో దిగువన ఉంటాయి. అవి చట్టవిరుద్ధమైనవే కాక, పట్టుకున్న చేతికే ప్రమాదకరమైనవి.

కొరతే వెల అయినప్పుడు

ధరను నాణ్యతతో సంబంధం లేకుండా పెంచే శక్తి కొరతకు ఉంది. దీనికి ఎం 1911 చరిత్రలోనే చక్కని నిదర్శనం కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ పిస్టల్‌ను కోల్ట్‌తో పాటు ఇతర పరిశ్రమలకూ అప్పగించారు. టైపురైటర్లకు పేరున్న రెమింగ్టన్ ర్యాండ్ లక్షల సంఖ్యలో తయారుచేసింది. మన ఇళ్లలో కుట్టుమిషన్ల ద్వారా చిరపరిచితమైన సింగర్ సంస్థ కేవలం 500 పిస్టళ్లు చేసిన తర్వాత ఇతర యుద్ధ పరికరాల తయారీకి మళ్లింది. రెండు సంస్థలదీ ఒకే నమూనా, ఒకే తూటా. అయినా నేడు సింగర్ పిస్టల్ వేలంలో లక్ష డాలర్లను మించిన ధర పలుకుతుంది. ఆ ధర పురావస్తువుకు చెల్లించేది. అది పేల్చే తూటా మాత్రం రెమింగ్టన్ ర్యాండ్ పేల్చేదే.

భారతదేశంలో పరిస్థితి

భారతదేశంలో పౌరుల చేతికి వచ్చే పిస్టల్ ధరను మార్కెట్ కంటే చట్టం ఎక్కువగా నిర్ణయిస్తుంది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉండటం నేరం. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం వంటి పిస్టళ్లు నిషిద్ధ బోరు కిందకు వస్తాయి. నిషేధం లేని బోరు ఆయుధాలకు జిల్లా మేజిస్ట్రేటు, కమిషనరేట్ల పరిధిలో పోలీసు కమిషనర్ లైసెన్సు మంజూరు చేస్తారు. అందువల్ల సాధారణ లైసెన్సుదారునికి ప్రధానంగా అందుబాటులో ఉన్నది .32 పిస్టల్. ఎంత సొమ్ము వెచ్చించినా ఈ హద్దు మారదు. .32 తూటా శక్తి 9 ఎంఎం శక్తిలో సగానికి లోపే ఉంటుంది. అధిక ధర గురిని కొంత మార్చవచ్చు గానీ తూటా శక్తిని మార్చలేదు.

1980ల మధ్యకాలం నుంచి సాధారణ పౌరులు విదేశీ పిస్టళ్లను దిగుమతి చేసుకునే మార్గం దాదాపు మూసుకుపోయింది. ప్రఖ్యాత క్రీడాకారులుగా గుర్తింపు పొందినవారికి, మరికొన్ని పరిమిత వర్గాలకు మాత్రమే మినహాయింపులు ఉన్నాయి. దాంతో అంతకుముందు దేశంలోకి వచ్చిన వాల్తర్, వెబ్లీ, కోల్ట్ వంటి సంస్థల ఆయుధాలు తరిగిపోయే సరుకుగా మారాయి. ఐరోపాలో, అమెరికాలో సాధారణ ధరకు లభించే పాత .32 పిస్టల్ ఇక్కడ లక్షలు పలకడానికి కారణం ఇదే. ఆ పిస్టళ్లలో అనేకం యాభై, అరవై ఏళ్లనాటివి. వాటి స్ప్రింగులు నీరసించి ఉంటాయి, గొట్టాల లోపలి గాడులు అరిగి ఉంటాయి, అసలైన విడిభాగాలు దొరకవు. నమ్మకం అనే కొలమానంతో చూస్తే, లక్షలు పోసిన పాత విదేశీ పిస్టల్ కంటే కొత్త దేశీయ పిస్టల్ మేలు కావచ్చు.

దేశీయంగా దీర్ఘకాలం ఈ రంగం ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల గుత్తాధిపత్యంలో ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం .32 బోరులో ‘అశని’ పిస్టల్‌ను, కాన్పూర్‌లోని చిన్న ఆయుధాల కర్మాగారం రివాల్వర్లను తయారుచేస్తూ వచ్చాయి. పోటీ లేనిచోట కొనుగోలుదారు చెప్పిన ధరకే కొనవలసి ఉంటుంది. 2014లో మహిళల కోసమంటూ కాన్పూర్ నుంచి వెలువడిన ‘నిర్భీక్’ .32 రివాల్వర్ ధర సుమారు 1.22 లక్షల రూపాయలు. టైటానియం మిశ్రమ లోహంతో బరువును అర కిలోకు తగ్గించడం దాని ప్రత్యేకత. అయితే ఆ ధరకు అది ఎందరు మహిళలకు అందుబాటులో ఉంటుందన్న ప్రశ్న అప్పుడే తలెత్తింది. మరుసటి ఏడాది సుమారు 35 వేల రూపాయల ధరతో .22 బోరు ‘నిడర్’ వచ్చింది.

2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు ప్రభుత్వ రంగ సంస్థలుగా పునర్వ్యవస్థీకరించారు. ఇషాపూర్, కాన్పూర్ కర్మాగారాలు అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ కిందకు వచ్చాయి. 2016 నాటి ఆయుధ నిబంధనలు, తదుపరి సడలింపులతో ప్రైవేటు తయారీకి దారి ఏర్పడింది. ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లాలో వెబ్లీ అండ్ స్కాట్ పేరిట, హరియాణాలోని హిసార్‌లో బ్రెజిల్ సంస్థ టారస్ భాగస్వామ్యంతో తయారీ కేంద్రాలు వెలిశాయి. విదేశీ పేరు దేశంలోనే తయారవుతున్నప్పుడు పాత దిగుమతి ఆయుధాలకు ఉన్న కొరత విలువ క్రమంగా తగ్గే అవకాశం ఉంది. లక్షలు పెట్టి వాటిని పెట్టుబడిగా భావించేవారు ఈ మార్పును గమనించవలసి ఉంటుంది.

భద్రతా దళాల కొనుగోళ్లలోనూ ధర కీలకమే. రక్షణ పరిశోధన సంస్థ, సైన్యం కలిసి రూపొందించిన ‘అస్మి’ 9 ఎంఎం మెషిన్ పిస్టల్ తయారీ వ్యయం 50 వేల రూపాయల లోపే ఉంటుందని 2021లో రక్షణ శాఖ ప్రకటించింది. హైదరాబాద్‌కు చెందిన లోకేశ్ మెషీన్స్ దానిని తయారుచేస్తోంది. 2024లో సైన్యపు ఉత్తర కమాండ్ 550 ఆయుధాలను తీసుకుంది. ఇది వరుసగా కాల్చగల సైనిక ఆయుధం. పౌరులకు అనుమతించేది కాదు. అయినా తక్కువ ధరను రూపకల్పన దశలోనే లక్ష్యంగా పెట్టుకోవచ్చని ఇది తెలియజేస్తుంది.

ధరలో పన్ను వాటానూ విస్మరించలేము. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన వస్తుసేవల పన్ను సవరణల్లో రివాల్వర్లు, పిస్టళ్లపై పన్ను 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. విలాస నౌకలు, వ్యక్తిగత విమానాలు ఉన్న వరుసలోనే ఇప్పుడు పిస్టల్ కూడా చేరింది. మూల ధర లక్ష రూపాయలైతే పన్ను 40 వేలు. రెండు లక్షలైతే 80 వేలు. ఖరీదైన నమూనాను ఎంచుకున్నకొద్దీ పనితీరుతో సంబంధం లేని ఈ భారం కూడా పెరుగుతుంది.

2019 సవరణ చట్టం ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. లైసెన్సు కాలపరిమితిని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. రెండే తుపాకులకు అవకాశం ఉన్నందున, ఉన్నంతలో ‘మేటి’ది కొనాలన్న భావన లైసెన్సుదారులలో సహజంగా బలపడుతుంది. అయితే కొనదగిన తూటాల సంఖ్య లైసెన్సులోనే నిర్ణయమై ఉంటుంది. సాధన పరిమితంగా ఉన్నచోట మేలురకం గొట్టంలోని సూక్ష్మమైన ఖచ్చితత్వం అనుభవంలోకి రావడం అరుదు.

అదనపు ధర ఫలించే చోటు

పోటీ క్రీడలో లెక్క మారుతుంది. ఒలింపిక్స్‌లో పురుషుల 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్, మహిళల 25 మీటర్ల పిస్టల్ విభాగాలలో .22 బోరు పిస్టళ్లు వాడతారు. ర్యాపిడ్ ఫైర్‌లో ఐదు లక్ష్యాలపై ఐదు తూటాలను తొలుత 8 సెకన్లలో, తర్వాత 6, చివరికి 4 సెకన్లలో కాల్చాలి. మహిళల పోటీలోని ప్రిసిషన్ దశలో పది పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లే. అంతకుముందు చెప్పుకొన్న కొద్ది సెంటీమీటర్ల మెరుగుదల ఇక్కడ పతకానికీ, రిక్తహస్తాలకూ మధ్య తేడా అవుతుంది. చేతి అచ్చుకు తగినట్లు మలచిన పిడి, నిబంధనల ప్రకారం కనీసం ఒక కిలో బరువుకు విడివడేలా సవరించిన ట్రిగ్గర్, వెనుదెబ్బను తగ్గించే అమరిక వంటి ప్రతి అంశం స్కోరులో ప్రతిఫలిస్తుంది. రోజూ వందల తూటాలు కాల్చే క్రీడాకారుల చేయి అప్పటికే స్థిరపడి ఉంటుంది గనుక ఆయుధం తెచ్చే తేడా బయటపడుతుంది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో విజయ్ కుమార్ ర్యాపిడ్ ఫైర్‌లో రజతం సాధించారు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతంతో పాటు, మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి జట్టు స్వర్ణం అందుకున్నారు. ఈ స్థాయి క్రీడాకారులకు మేలురకం పిస్టల్ విలాసం కాదు, పనిముట్టు.

ఇక్కడా ధర ఒక్కటే రక్షణ కాదు. 2021 జులైలో టోక్యో ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అర్హత పోటీలో మను భాకర్ పిస్టల్‌లో లోపం తలెత్తింది. మరమ్మతులో విలువైన నిమిషాలు కరిగిపోయాయి. 575 పాయింట్లతో ఆమె 12వ స్థానంలో ఆగి ఫైనల్‌కు దూరమయ్యారు. అది గాలి పీడనంతో పనిచేసే పిస్టల్ అయినప్పటికీ పాఠం అన్నింటికీ వర్తిస్తుంది. అత్యున్నత శ్రేణి పరికరానికి కూడా ప్రత్యామ్నాయం, విడిభాగాలు, నిపుణుడైన మెకానిక్ సిద్ధంగా ఉండాలి. మూడేళ్ల తర్వాత పారిస్‌లో ఆమె రెండు కాంస్యాలు గెలుచుకున్నారు.

కొనుగోలుకు ముందు పరిశీలించవలసిన అంశాలు

• వాడకం: ఏడాదికి ఎన్ని తూటాలు కాల్చే అవకాశం ఉందో లెక్కించాలి. ఆ సంఖ్య తక్కువైతే మేలురకం గొట్టానికి, చేతి అమరికకు వెచ్చించే సొమ్ము నిరుపయోగం.

• పడినప్పుడు భద్రత: కిందపడినా పేలకుండా ఫైరింగ్ పిన్‌ను అడ్డగించే ఏర్పాటు ఉన్నదా అన్నది బ్రాండు కంటే ముఖ్యం. పాత నమూనాలలో అనేకం ఈ ఏర్పాటు లేనివి.

• విడిభాగాలు, మరమ్మతు: స్ప్రింగులు, మ్యాగజైన్లు, ఎక్స్‌ట్రాక్టర్ అరిగిపోయే భాగాలు. వాటి లభ్యత తెలియకుండా పాత విదేశీ పిస్టల్ కొనడం నష్టదాయకం. మరమ్మతును లైసెన్సు ఉన్న డీలరు వద్దే చేయించాలి.

• తూటా లభ్యత: .32 రివాల్వర్ తూటా, .32 పిస్టల్ తూటా వేర్వేరు. కొనబోయే ఆయుధానికి తగిన తూటా స్థానిక డీలరు వద్ద నిలకడగా లభిస్తుందో లేదో ముందుగా తెలుసుకోవాలి.

• పత్రాలు: చేతులు మారే ఆయుధం క్రమసంఖ్య లైసెన్సులోని నమోదుతో సరిపోవాలి. వ్యక్తుల మధ్య బదిలీకి ముందుగా అధికారులకు లిఖితపూర్వకంగా తెలియజేయడం చట్టరీత్యా తప్పనిసరి.

• నిల్వ, శిక్షణ: తాళం వేసిన దృఢమైన పెట్టె, తూటాలకు వేరే అర, క్రమం తప్పని శిక్షణ లేనప్పుడు ఎంతటి ఖరీదైన పిస్టల్ అయినా ఇంట్లో ప్రమాదమే. పిల్లలున్న ఇంట్లో ఈ ఏర్పాటుకే మొదటి ఖర్చు కేటాయించాలి.

ముగింపు

స్విట్జర్లాండ్ తన మేటి పిస్టల్‌ను పక్కనపెట్టినప్పుడు, అమెరికా మొత్తం లెక్క చూసి ఎంపిక చేసినప్పుడు అవి అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ అదనపు సొమ్ము ఏ పనికి? పతకం కోసం పోటీపడే క్రీడాకారిణి వద్ద దానికి స్పష్టమైన సమాధానం ఉంది. నిత్యం వేల తూటాలు కాల్చే ప్రత్యేక దళాల వద్దా ఉంది. కొరత వల్ల పెరిగిన ధరకు, నలభై శాతం పన్నుకు, స్లైడ్‌పై చెక్కిన పేరుకు లక్షలు చెల్లించే సాధారణ లైసెన్సుదారు వద్ద అది లేదు. పరీక్షలో నెగ్గిన, విడిభాగాలు దొరికే, కిందపడినా పేలని మధ్యస్థ ధర పిస్టల్ అతని అవసరానికి చాలు. మిగిలిన సొమ్మును శిక్షణకు, తాళం ఉన్న పెట్టెకు వెచ్చిస్తే అతనికీ, ఇంటిల్లిపాదికీ అధిక రక్షణ లభిస్తుంది.